ముందు ఊపిరి వదలాలి

నర్సుల హాస్టల్,
కిటికీ పక్క మంచం

చేపపిల్లా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాల గోలేమిటని నవ్వకు. నిన్న ఫోన్ చేస్తే ఏమైందో చూశావుగా. మీ అన్నయ్య స్పీకర్ పెట్టేశాడు. అత్తయ్య "తిన్నావా" అని, పిచ్చుక "అమ్మా, నా పన్ను ఊడింది" అని, మీ అన్నయ్య "రెండు మాస్కులు పెట్టుకో" అని ముగ్గురూ ఒకేసారి మొదలెట్టారు. వెనకెక్కడో నువ్వు గిన్నెలు కడుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. నీతో ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను.

అందుకే ఇలా. మీ అన్నయ్య గేటు దగ్గర భోజనం సంచీ పెట్టి వెళతాడు కదా, ఖాళీ డబ్బాలతో పాటు అందులో నా ఉత్తరం వస్తుంది. నీ జవాబు నిండు డబ్బాలతో పంపు. మొగుడి చెల్లెలికి ప్రేమలేఖలు రాసే వదినని లోకంలో నేనొక్కదాన్నే అంటోంది మా పొడుగు సిస్టర్. రాస్తే తప్పేముందని దెబ్బలాడాను.

కోవిడ్ వార్డులో డ్యూటీ వేశారు నాకు. ఇంటికొచ్చి ఉబ్బసం ఉన్న అత్తయ్యకి అంటించలేను, కాబట్టి ఇది తగ్గేదాకా హాస్టలే. పిచ్చుక రాత్రి దుప్పటి తన్నేస్తుంది, చూడు. జుట్టు దువ్వేటప్పుడు కథ చెప్పకపోతే కదిలిపోతుంది. ఇవన్నీ నీకు తెలుసు, అయినా రాస్తే నాకు కాస్త నిమ్మళంగా ఉంటుంది.

ఈతకొలను మూసేశారని విన్నాను. నీళ్ళు లేకుండా నువ్వెలా ఉన్నావే?

నీ వదిన

*

వంటిల్లు,
పొయ్యి పక్క గట్టు

వదినా,

నీ ఉత్తరాన్ని అమ్మ ఇస్త్రీ చేసింది. నిజంగానే! ఆస్పత్రి నుంచి వచ్చిన కాగితానికి వేడి తగిలితే పురుగులన్నీ చస్తాయట. వద్దంటే ఒంటికాలి మీద లేచింది. ఇప్పుడది కొత్త చొక్కాలా మడత లేకుండా ఉంది, ఒక మూల మాత్రం మాడింది. మాడిన చోట ఏదైనా తిట్టు ఉంటే అది నాకు చేరలేదు.

ఇంటి సంగతులు చెప్తాను విను. మీ ఆయన ముందుగదిని ఆఫీసు చేసేసుకున్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. మీటింగులో ఉన్నాడంటే ఇంట్లో మిక్సీ తిరగకూడదు, కుళాయి గట్టిగా తిప్పకూడదు, పిచ్చుక నవ్వకూడదు. మధ్యమధ్యలో తలుపు సందులోంచి వేళ్ళు చూపిస్తాడు. ఒక వేలు టీకి, రెండు వేళ్ళు టీతో పాటు ఏదైనా తినడానికి. ఒకరోజు నేనూ ఒక వేలు చూపించాను, ఏ వేలో నువ్వే ఊహించుకో.

పిచ్చుక బడి ఫోన్లోకొచ్చింది. పలక పట్టుకోవాల్సిన పిల్ల ఫోన్ పట్టుకుని "టీచర్, వినిపిస్తోందా" అని పొద్దస్తమానం అరుస్తోంది. పాఠం దానికి, తలనొప్పి నాకు. అమ్మకి గంటకో అనుమానం. పొద్దున లేచి కాఫీ పెట్టడంతో మొదలైతే, మళ్ళీ కూర్చునేసరికి కాళ్ళు నావి కావు.

పూల్‌లో నీళ్ళు తీసేశారు. ఒకరోజు కూరగాయలకి వెళ్ళి కటకటాల్లోంచి చూశాను. ఖాళీ గొయ్యి, అడుగున ఎండుటాకులు. పూల్ నడిపే మా ఈలాయన మాత్రం ధీమాగా చెప్పాడు, తెరవగానే నేను ఈత నేర్పే పొద్దుటి ఆడవాళ్ళ బ్యాచ్ నాదేనని. ఆ మాట పట్టుకునే ఉన్నాను.

పిచ్చుకకి బకెట్లో పాఠాలు మొదలెట్టాను. ముఖం ముంచి బుడగలు వదులుతోంది. వంటిల్లంతా తడి.

పొయ్యి మీద పాలున్నాయి, పొంగేలా ఉన్నాయి. ఉంటాను.

చేపపిల్ల

*

నర్సుల హాస్టల్

చేపపిల్లా,

వేలు సంగతి చదివి ఎంత నవ్వానంటే, పక్క మంచం పిల్ల ఏడుస్తున్నానేమోనని లేచి వచ్చింది.

వార్డులో మా ముఖాలు ఎవరికీ కనిపించవు. అందరం ఒకే తెల్ల గౌన్లలో మూటల్లా ఉంటాం. అందుకని గుర్తుకి గౌను మీద పేర్లు రాసుకుంటున్నాం. నేను "పిచ్చుక వాళ్ళమ్మ" అని రాసుకున్నాను. ఇప్పుడు వార్డంతా నన్ను అలాగే పిలుస్తోంది. పేషెంట్లలో బట్టలు కుట్టే పెద్దావిడ ఉంది, చాలా రోజులు మాట కూడా లేదు. మొన్న ఆక్సిజన్ మాస్కు తీయగానే అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, ఈ గౌను కుట్టినవాడెవడు? భుజాలు చూడు, ఎలా తగలేశాడో." ఆ క్షణాన నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్న నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

అందరూ అలా వెళ్ళడం లేదు. అది రాయను.

సాయంత్రం ఎదురు మేడల వాళ్ళందరూ కిటికీల్లో నిలబడి మా కోసం చప్పట్లు కొట్టారు. పొడుగు సిస్టర్ చేతులు ఊపింది. నాకు మాత్రం కూర్చోవాలనిపించింది.

కాస్త అలసటగా ఉంది. ఇక రాయలేను.

వదిన

*

వంటిల్లు

వదినా,

మూడు సంచీలు వెళ్ళాయి, మూడూ ఉత్తరం లేకుండానే తిరిగొచ్చాయి. నాలుగోదాంట్లో వచ్చింది నీ చీటీ. "బాగున్నాను, పని ఎక్కువ" అట. అదీ పెన్సిలుతో. అక్షరాలు గట్టు దిగుతున్న మేకల్లా కిందికి జారిపోయాయి. మందుల పేర్లు ముత్యాల్లా రాసేదానివి, నీ చేతిరాత నాకు తెలీదా?

మీ ఆయన నమ్మాడు. "బిజీగా ఉందట" అని మళ్ళీ మీటింగులోకి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ చీటీని ఇస్త్రీ చేసి, పట్టుకుని, అలాగే కూర్చుంది. అమ్మ ఏమీ అనకపోతే నాకు భయం.

ఇంకో మాట. డబ్బాల్లో అన్నం సగం మిగిలి వస్తోంది. నా వంట అంత బాగోదని నాకు తెలుసు కానీ, నువ్వు మొహమాటపడే రకం కాదు.

నా దగ్గర నీ పప్పులుడకవు. ఏం జరిగిందో రాయి. రాయకపోతే సంచీతో పాటు నేనే గేటు దగ్గరికి వచ్చి నీ పేరు పెట్టి అరుస్తాను. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, కొలనుకి ఆ చివరున్న వాళ్ళకి కూడా ఈల లేకుండానే వినిపిస్తుంది.

చేపపిల్ల

*

నర్సుల హాస్టల్

చేపపిల్లా,

అరవకు తల్లీ, రాస్తున్నాను.

నాకు వచ్చింది. తగ్గింది కూడా, ముందు ఆ మాట చదువు. నా వార్డులోనే, నేను దుప్పట్లు మార్చిన మంచం మీదే పడుకున్నాను. పొడుగు సిస్టర్ నాకు సూది వేస్తూ "ఇప్పుడు తెలిసిందా, నువ్వెంత గట్టిగా గుచ్చుతావో" అంది. మీ అన్నయ్యకి చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. చెబితే గేటు దగ్గర కూర్చునేవాడు, అత్తయ్యకి ఉబ్బసం ఎక్కువయ్యేది, అవన్నీ మళ్ళీ నీ నెత్తిమీదే పడేవి.

ఇప్పుడు జ్వరం లేదు, పరీక్షలన్నీ మంచిగా వచ్చాయి, డాక్టర్ భేష్ అన్నాడు. త్వరలో డ్యూటీలో కూడా చేరమంటున్నారు. కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను వెల్లకిలా పడుకోలేకపోతున్నాను. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాను, అదీ కునుకులే. పడుకోగానే ఊపిరి బిగబట్టేస్తాను. వదలాలంటే భయం. వదిలితే మళ్ళీ వస్తుందో రాదో అని. ఇన్నేళ్ళు నర్సు పని చేశాను, ఎంతమందికో "ఏం కాదు, వదలండి, పీల్చండి" అని చెప్పాను. నాకు నేను చెప్పుకుంటే నమ్మబుద్ధి కావడం లేదే.

నవ్వకు. నవ్వినా ఫరవాలేదు, నాకు వినిపించదు కదా.

వదిన

*

వంటిల్లు కాదు,
డాబా మెట్లు

వదినా,

నవ్వలేదు. డాబా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, తర్వాత నిన్ను తిట్టాను, తర్వాత ముఖం కడుక్కున్నాను. ముఖం కడుక్కుంటుంటే తట్టింది. ఓసి పిచ్చి వదినా, నీకున్న భయం పేరు నాకు తెలుసు! నా బ్యాచ్‌లో చేరే ప్రతి ఆడమనిషి మొదటిరోజు తెచ్చుకునే భయం అదే. బుగ్గలు పూరించి, కళ్ళు మూసి, ఊపిరి బిగబట్టి నీళ్ళలో దిగుతారు. బిగబట్టిన ఊపిరి లోపల బరువెక్కి, అదే భయపెడుతుంది. లోపలిది వదలకుండా కొత్తది ఎక్కడికి వస్తుంది? అందుకే నేను చేతులూ కాళ్ళూ నేర్పను. ముందు ఊపిరి వదలడం నేర్పుతాను. పీల్చడం ఎవరికీ నేర్పక్కర్లేదు, ఒళ్ళే చూసుకుంటుంది.

మీ డాక్టర్ని అడుగు, ఊపిరి వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి మీ ఆస్పత్రిలో ఉంటుందిగా, ఆ అమ్మాయినీ అడుగు. వాళ్ళు సరేనంటేనే ఇది చెయ్యి, లేకపోతే ముట్టుకోకు.

వెడల్పు బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పొయ్యి. కుర్చీలో కూర్చో, నించోకు. ముఖమంతా ముంచక్కర్లేదు, పెదవులు నీళ్ళకి తగిలితే చాలు. మ్మ్మ్ అని రాగం తీస్తున్నట్టు మెల్లిగా వదులు. బుడగలు వస్తాయి. బుడగల్ని చూడు, ఊపిరిని లెక్కపెట్టకు. అయిపోగానే తలెత్తు. ఏమీ చెయ్యకు, దానంతటదే లోపలికి వస్తుంది. రాకపోతే నన్నడుగు. నా దగ్గర ఇంతవరకు రానివాళ్ళు లేరు.

ముక్కు ముంచడం తర్వాతి పాఠం. తొందరపడితే ఊరుకోను. ఇది మీ అత్తగారింట్లో చేపపిల్ల మాట కాదు, టీచర్ మాట.

చేపపిల్ల

మరిచాను. పూల్ తెరుస్తున్నారు. నేను రావడం లేదని ఈలాయనకి చెప్పేశాను. ఆ పొద్దుటి గంట పోటీల జట్టు కుర్రాళ్ళకి ఇచ్చేస్తాడట. ఇంట్లో ఇంత పని పెట్టుకుని ఎలా వెళ్తాను? నాకేం బాధ లేదు. నిజంగానే బాధ లేదు. అమ్మకి కూడా నేనింట్లో ఉంటేనే బాగుంది. బాధేం లేదులే.

*

నర్సుల హాస్టల్

టీచర్ గారికి,

ఫిజియో అమ్మాయి ఉత్తరం చదివి "మేమూ ఇలాంటిదే చేయిస్తాం, గొట్టంతో. మీ ఆడపడుచుని మాకిచ్చెయ్యండి" అంది. తను పక్కనుండగానే బేసిన్ ముందు కూర్చున్నాను. మొదటిసారి రెండు బుడగలు వచ్చాయి, భయపడి తలెత్తేశాను. అయినా ఊపిరి వచ్చిందే! దానంతటదే వచ్చింది. మర్నాడు పొడుగు సిస్టర్ కూడా బేసిన్ తెచ్చుకుంది. ఇప్పుడు డ్యూటీ దిగగానే హాస్టల్ వరండాలో అందరం వరసగా కూర్చుని మ్మ్మ్ అంటున్నాం. వార్డెన్ మొదటిరోజు పరిగెత్తుకొచ్చింది, ఏ జబ్బో అనుకుని. ఇప్పుడు ఆవిడ కూడా ఒక బేసిన్ పట్టుకుంది.

ఒక దిండు తీసేశాను. ఇంకా రెండున్నాయి.

పాఠం అయిపోయింది, ఇప్పుడు నా వంతు.

బాధ లేదని మూడుసార్లు రాశావు. ఒక్కసారి రాస్తే నమ్మేదాన్నేమో. నీ పని వదిలెయ్యమని నిన్నెవరడిగారు? అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. రేపే ఆ ఈలాయనకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు. నా పిల్ల కోసం నువ్వు నీళ్ళు మానేస్తే ఆ పుణ్యం నాకక్కర్లేదు.

వదిన

*

వంటిల్లు

వదినా,

ఎవరడిగారా? ఎవరూ అడగలేదు. అదే కదా నా ఏడుపు! అడిగి ఉంటే ఒప్పుకోవడమో కాదనడమో ఉండేది. నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఇల్లంతా నా వైపు చూస్తోంది, అంతే. ఇంట్లో ఆడది ఉంది కదా, పూల్ ఎలాగూ లేదు కదా.

నీ కోసం కిటికీల్లో చప్పట్లు కొట్టారు. నీకు అవి దక్కాల్సినవే, ఇంకా ఎక్కువే దక్కాలి. ఆ సాయంత్రం మన వీధిలోనూ కొట్టారు. నేను తడిచేత్తో బయటికొచ్చి నీ కోసం కొట్టి, మళ్ళీ లోపలికెళ్ళి అంట్లు తోమాను. నా కోసం ఎవరూ గరిటె కూడా మోగించలేదు. ఇది అసూయ అనుకుంటే అనుకో. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో తెలీదు. నువ్వు చావు దగ్గరిదాకా వెళ్ళొచ్చావు, నీ మీద ఎలా కోపగించుకోను? అమ్మ పెద్దదైపోయింది. అన్నయ్య చెడ్డవాడు కాదు, వాడికి కనిపించదంతే.

ఆ పెళ్ళి వదిలేసి వచ్చాక నాకంటూ ఉన్నది ఆ పొద్దుటి గంట ఒక్కటే, వదినా. అక్కడ నేను ఎవరి చెల్లెల్నీ కాదు, ఎవరి అత్తనీ కాదు. అక్కడ నన్ను టీచర్ అంటారు. అది పోతే నేనెవర్నో నాకే తెలీదు.

నీ మాట పట్టుకుని ఫోన్ చేశాను, చూడు. ఈలాయన మంచివాడే, పాపం నసిగాడు. ఈ నెలాఖరులోపు బ్యాచ్ నిండితే గంట నాకే ఉంచుతానన్నాడు. పాతవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఒకావిడ అత్తగారు మంచాన పడింది. ఒకావిడ ఉద్యోగం పోయి కూతురింటికి వెళ్ళిపోయింది. ఇంకొకావిడ, "నీళ్ళంటేనే భయమేస్తోందమ్మా, ఊపిరాడదేమోనని" అంది. ఇద్దరే వస్తామన్నారు. ఇద్దరితో బ్యాచ్ ఏమవుతుంది?

ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. అమ్మ ఇస్త్రీ పెట్టె పెట్టుకుని ఎదురుగా కూర్చుంది, వెళ్ళే ఉత్తరాలు కూడా చేస్తోందిప్పుడు. చింపితే ఎందుకని అడుగుతుంది. అందుకే పంపుతున్నాను.

పొయ్యి మీద కూర అడుగంటింది. వాసన వస్తోంది. అంటనీ.

చేపపిల్ల

*

నర్సుల హాస్టల్,
ఈ మంచం మీద చివరి ఉత్తరం

చేపపిల్లా,

బాగా రాశావు. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది, రెండోసారి నీ పక్కన కూర్చోవాలనిపించింది. గరిటె నేను మోగిస్తాను, ఇంటికొచ్చాక, నువ్వు చెవులు మూసుకునేదాకా.

రెండు పనులు చేశాను. మొదటిది, మీ అన్నయ్యకి ఫోన్ చేసి స్పీకర్ తీసెయ్యమన్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి తను నా మాట మొత్తం విన్నాడు. జబ్బు సంగతి చెప్పాను, ఏడ్చాడు. నీ సంగతి కూడా చెప్పాను. "దానికి పూల్‌కి వెళ్ళాలనుందా? నాతో అనలేదే" అన్నాడు. "నువ్వు వేళ్ళు చూపిస్తుంటే ఎలా అంటుంది" అన్నాను. పొద్దుటి టిఫిను, పిచ్చుక బడి ఇక తనవేనట. గుడ్లు వేయించడం వచ్చట. వచ్చో రాదో దేవుడికెరుక, నువ్వు మాత్రం వంటింట్లోకి తొంగి చూడకు. మాడిన గుడ్డు తింటే ఎవరూ చావరు, నర్సుగా చెబుతున్నాను.

అత్తయ్య ఫోన్ లాక్కుని ఏమందో తెలుసా? "నేనింట్లో ఉండమన్నానని అది అనుకుంటోందా? దాని ఈత దుస్తులు వారం వారం ఎండలో వేసి ఇస్త్రీ చేస్తున్నది నేను కాదూ" అంది. రబ్బరు బట్టల్ని ఇస్త్రీ చేసిందట! పనికొస్తాయో లేదో చూసుకో.

రెండోది. పొడుగు సిస్టరు, ఫిజియో అమ్మాయి, పక్క మంచం పిల్ల, వార్డెను, ఇంకా బేసిన్ల వరండా మొత్తం నీ బ్యాచ్‌లో చేరుతోంది. డ్యూటీలు మార్పించుకున్నాం. బట్టలు కుట్టే పెద్దావిడకి కూడా ఫోన్ చేశాను. "ఈత దుస్తులు ఎవరు కుట్టారో చూశాక చెప్తా" అంది, అంటే వస్తుందనే. ఇది నీ మీద జాలి కాదు, అలా అనుకుంటే చెంప పగలగొడతాను. ఇన్ని నెలలు ఇతరుల ఊపిరి చూసి చూసి మా ఊపిరి మేం మరిచిపోయాం. మాకు టీచర్ కావాలి.

నేనూ చేరుతున్నాను. డాక్టర్ సరేనన్నాడు. నీళ్ళలో వెల్లకిలా పడుకోబెడతావని తెలుసు. నాకు భయంగా ఉంది, ముందే చెబుతున్నాను.

మా కోవిడ్ వార్డు మూసేశారు, రేపు ఇంటికొస్తున్నాను. ఒక దిండు నాతో తెస్తున్నాను, ఇంట్లో ఇంకొకటి సర్దు.

వదిన

*

నీ గది, నీ మంచం పక్క కుర్చీ

వదినా,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు నిద్రపోతున్నావు, లేపడం ఇష్టం లేదు. లేచేసరికి నేనుండను.

పొద్దున జరిగింది నీకు సగమే తెలుసు. మిగతా సగం నా వైపు నుంచి చెప్తాను.

నీళ్ళలో దిగేముందు అందరూ గట్టు మీద వరసగా కూర్చున్నారు. వార్డులో ఎంతమందినో కాచిన ఆడవాళ్ళు కాళ్ళ వేళ్ళు తడిపి కెవ్వుమంటున్నారు. పెద్దావిడ నా డ్రస్సు భుజం మీద అమ్మ ఇస్త్రీ పెట్టె మచ్చ చూసి "ఎవరే ఈ పని చేసింది" అంది. మా అమ్మ అన్నాను. "అయితే ఉండనీ" అంది. కటకటాల అవతల కుర్రాళ్ళ జట్టు తమ గంట కోసం ఎదురుచూస్తోంది. ఈలాయన నా దగ్గరికొచ్చి ఈల నా చేతిలో పెట్టాడు. దాన్ని మెళ్ళో వేసుకుని గబుక్కున నీళ్ళలోకి దిగాను, నోరు తెరిస్తే ఏడ్చేలా ఉన్నాను.

నిన్ను ఆఖర్న పిలిచాను. నీ మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాను. చెక్కలా బిగుసుకుపోయావు. నా మణికట్టు పట్టుకున్నావు, ఇంకా ఎర్రగానే ఉంది చూడు. "బిగబట్టావు, వదులు" అన్నాను. "వదలనే, నా వల్ల కాదే" అన్నావు. అప్పుడు పొడుగు సిస్టర్ గట్టు మీద నుంచి మ్మ్మ్ అని మొదలెట్టింది. ఆమెని చూసి పక్క మంచం పిల్ల, వార్డెన్, అందరూ. కొలనంతా ఆ రాగమే. నువ్వు నవ్వావు వదినా. నవ్వితే ఊపిరి బయటికి రాక తప్పదు. వచ్చేసింది. నీ ఒళ్ళు మెత్తబడింది, నా చేతుల మీద బరువు పోయింది. నేను నిన్ను మోయలేదు. నీళ్ళు మోశాయి.

ఇంటికొచ్చి స్నానం చేసి, "కాసేపు నడుం వాలుస్తాను" అని ఈ గదిలోకి వచ్చావు. నేను తల తుడుచుకుంటూ తొంగి చూశాను. రెండు దిండ్లూ నేల మీదున్నాయి. నువ్వు వెల్లకిలా, చేతులు చాపి, నోరు కాస్త తెరిచి పడుకుని ఉన్నావు. గురక కూడా పెడుతున్నావు. నీ గురక అంటే ఒకప్పుడు చిరాకు నాకు. ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాను. పిచ్చుక కూడా వచ్చి నీ పక్కన ఒదిగింది. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, కళ్ళు తుడుచుకుని, ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంకో బ్యాచ్ పెట్టమన్నాడు ఈలాయన. వార్డెన్ చెల్లెలు, ఆవిడ స్నేహితురాళ్ళు వస్తున్నారట. నేను బయల్దేరుతున్నాను.

వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వస్తోంది. పొయ్యి మీద ఏముందో నాకు తెలీదు. మీ ఆయన్ని అడుగు.

టీచర్